గట్టు మీద అమ్మ

ఆ రోజు ఊరెళ్లి అమ్మ కళ్లు చూడగానే నాకు జబ్బేంటో సగం అర్థమైపోయింది. కళ్లకలక వచ్చినట్టు ఎర్రగా ఉన్నాయి గానీ పుసి లేదు. పిక్కల మీద చెయ్యి వేస్తే మూలిగింది.

పటమటలో ఒక ల్యాబ్‌లో రక్త పరీక్షలు చేయడం నా ఉద్యోగం. అమ్మది చల్లపల్లి దగ్గర పల్లె. అక్కడ నాట్ల ముఠాకి అమ్మే మేస్త్రి. చేను గుత్తకు ఒప్పుకుంటారు కాబట్టి ఒకరు మంచమెక్కితే ఆ పని మిగతావాళ్ల నెత్తిన పడుతుంది. అందుకే నాట్ల రోజుల్లో జ్వరాన్ని జ్వరం అనరు. ఒళ్లు నొప్పులంటారు, ఓ బిళ్ల మింగి బురదలోకి దిగుతారు. నాకు జబ్బు మీద కన్నా ఈ దాపరికం మీదే మంట.

మర్నాటికి కళ్లలో పసుపు తేలింది. ముఠాలోనే పనిచేసే పిన్ని చూసి, "పచ్చకామెర్లే. పసరు పోయించి, చప్పిడి కూడు పెడితే దిగిపోద్ది" అని తేల్చేసింది.

"ఒంటేలు సరిగ్గా వస్తోందా అమ్మా?" అని అడిగాను.

"కాస్త తక్కువే వస్తోందిలే. రేపు పెద్ద చేను నాటు, మాటిచ్చాను."

"చేను పిన్ని చూసుకుంటుంది. నువ్వు ఆటో ఎక్కు."

ఎక్కించాను. ఆసుపత్రిలో డాక్టరుగారు పొలంలో ఎలుకలున్నాయా అని అడిగితే అమ్మకు నవ్వొచ్చింది. "ఎలుకల్లేని చేను ఎక్కడుందండీ?" అంది. గట్ల నిండా బొరియలు, ఎలుకలు ఒంటేలు పోసిన నీళ్లు మడిలో నిలవుండటం, ఆ నీళ్లలో పొద్దస్తమానం నానిన పగిలిన కాళ్లు. ఎలుకల జ్వరానికి ఇంతకన్నా ఏం కావాలి? రోజూ ఎవరెవరి రక్తమో చూసే నేను, అమ్మ పేరున్న గొట్టాన్ని మా ల్యాబ్‌కి పట్టుకెళ్లి నేనే పరీక్ష చేశాను. అనుమానం నిజమే అయింది. మూత్రపిండాలు దెబ్బతినడం అప్పటికే మొదలైంది. పసరు దగ్గరే ఆగి ఉంటే అమ్మ నాకు దక్కేది కాదు. మందులు పనిచేశాయి, లేచి కూర్చుంది.

తర్వాత మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు కొనిచ్చాను. అమ్మ తొడుక్కుని చేలో అడుగు పెట్టింది. కాలు పైకొచ్చింది, బూటు బురదలోనే ఉండిపోయింది. ముఠా అంతా నవ్వింది, నేనూ నవ్వాను. అయినా వదల్లేదు. నాట్లకు ముందే ఎలుకల్ని పట్టే బుట్టలు పెట్టించమని రైతుతో పోట్లాడాను, పెట్టించాడు. కాళ్లు పగిలినవాళ్లు నీళ్లలో దిగకూడదని అమ్మతో పోట్లాడాను.

"అయితే ఎవరూ దిగరు" అంది అమ్మ, అంతటితో సరి అన్నట్టు.

మరుసటి ఏడు తొలకరికి, సార్వా పంట మొదటి నాటు చూడాలని సెలవు పెట్టి వెళ్లాను. ఎప్పట్లాగే గట్టు మీద ప్రార్థన చేసుకున్నారు. చెప్పులు విడిచి, కుచ్చిళ్లు ఎగదోపుకున్నారు.

"ఆగండే. కాళ్లు చూపించండి" అంది అమ్మ.

ఒక్కొక్కరి మడమలూ వేళ్ల సందులూ వంగి చూసింది. పగుళ్లున్న ఇద్దర్ని వంట దగ్గరికి పొమ్మంది. వాళ్ల వాటా మాత్రం తగ్గదని అందరికీ వినపడేలా చెప్పింది. ఎవరూ గొణగలేదు.

"మరి నీ కాళ్లో?" అన్నాను.

మడమ తిప్పి చూసుకుంది. పగిలే ఉంది. ఒకసారి చేను వైపు, ఒకసారి నా వైపు చూసింది. చెప్పులు మళ్లీ తొడుక్కుని గట్టు మీద కూర్చుంది. నాట్ల రోజున అమ్మ కూర్చోవడం నేను పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి చూడటం. నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

అమ్మకు అదేమీ పట్టలేదు. "వరస వంకరపోతోంది, చూసుకోండే" అని అక్కణ్ణుంచే కేకేసింది.