చూపుడువేలు

మా బావని రేవులో అందరూ ‘చూపుడువేలు’ అనేవాళ్లు. అసలు పేరుతో పిలిస్తే ఆయన పలికేవాడు కాదు. గాలం తాడు ఆ వేలి మీద వేసుకుని కూర్చున్నాడంటే, అడుగున ఎరని ముట్టుకున్నది పండుగప్పో, జెల్లో, పీతో పైకి రాకముందే చెప్పేవాడు. ఇరవై రెండేళ్లుగా ఒకే పడవలో ఆయన పక్కన కూర్చున్నాను. ఆయన చెప్పింది తప్పడం రెండుసార్లే చూశాను. రెండోసారి పైకొచ్చింది ఒక పాత చెప్పు. దాన్ని చేప కొరుకుతుండగా లాగానని రేవుదాకా వాదించాడు. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం.

చలికాలం ఆయన కాలం. ఎండాకాలంలో చేప ఆకలి మీద గాలాన్ని మింగేసి పరిగెడుతుంది, ఎవడైనా పడతాడు. నీళ్లు చల్లబడితే అది ఒడ్డుకి దగ్గర్లోనే రాళ్ల పక్కన లోతు చూసుకుని చేరుతుంది, ఇక కదలదు. ఎరని కొరకదు, పెదవితో అంటి చూస్తుంది. ఆ కాస్త కదలిక వేలికి తెలియాలి, తెలిసిన క్షణంలో లాగాలి. మిగతా పడవలు ఖాళీగా తిరిగొచ్చే రోజుల్లో మా బుట్ట నిండేది. నేను తెడ్డు వేసేవాణ్ణి, ఎర గుచ్చేవాణ్ణి. ఆ వేలి విద్య నేర్చుకోమని ఆయన అనలేదు, నేర్పమని నేను అడగలేదు. బద్ధకం నాదే.

ఈ చలికాలం మొదలైనప్పటి నుంచీ బావకి చేపలు సరిగా పడలేదు. తాడు వణకడం నాకు కంటికి కనిపించేది. ఆయన మాత్రం దూరంగా చూస్తూ కూర్చునేవాడు. “వేళ్లు మొద్దుబారాయిరా, చలి,” అనేవాడు. నేను నమ్మాను. పొద్దున్నే తడి తాడు పట్టుకుంటే ఎవరి వేళ్లయినా మొద్దుబారతాయి. మా పనిలో దాన్ని జబ్బని ఎవడనుకుంటాడు? టీ గ్లాసు చుట్టూ వేళ్లు చుట్టి కాచుకుంటాం, మళ్లీ తాడు అందుకుంటాం. అలా రెండు నెలలు గడిచిపోయాయి. ఆ రెండు నెలలు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

ఒకరోజు ఎండ బాగా ఎక్కింది. నేను చొక్కా కూడా విప్పేశాను. బావ తన కాళ్ల దగ్గర చూసి, “ఈ రక్తమేంట్రా? చేపలు కోసి కడగలేదా?” అన్నాడు.

ఆ రోజు మేం ఒక్క చేపా పట్టలేదు.

తాడు ఆయన చూపుడువేలిని లోతుగా కోసేసింది. ఆయన ఇంకా దాని మీదే తాడు పెట్టుకుని కూర్చున్నాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆయన్ని కళ్లు మూసుకోమని, వేళ్లని సూది మొనతో తాకుతూ తెలుస్తోందా అని అడిగింది. తెలుస్తోందన్నాడు. తాకకుండా అడిగినప్పుడూ తెలుస్తోందనే అన్నాడు. షుగరట, చాలా ఏళ్ల నుంచీ ఉందట. గాయం మానుతుంది గానీ పోయిన స్పర్శ వస్తుందని చెప్పలేనంది. షుగరు సంగతి అక్కకి చెప్పాం. వేలికి స్పర్శ పోయిన సంగతి చెప్పొద్దని బావ నా దగ్గర మాట తీసుకున్నాడు.

“మానాక మళ్లీ మామూలే కదా?” అని అక్క నన్నే అడిగింది.

“మామూలేనక్కా,” అన్నాను. కక్కలేక మింగలేక చచ్చాను.

కట్టు విప్పాక బయల్దేరాం. ఈసారి బావ తాడుని కింది పెదవికి ఆనించుకున్నాడు. పెదవికి ఇంకా తెలుస్తోందట. గాలి కోసేస్తోంది, ఇవాళ్టికి వెళ్లిపోదామన్నాను. “నిండా మునిగినవాడికి చలేంట్రా,” అన్నాడు.

“ఎవరైనా చూస్తే నేను నిన్నే గాలమేసి పట్టాననుకుంటారు బావా.”

నవ్వాడు. నవ్వితే తాడు జారిపోయింది. మూడో రోజుకి పెదవి చిట్లింది. అక్క ఆ పెదవి చూసింది, నన్ను చూసింది, వంటింట్లోకి వెళ్లి ఏడ్చింది. నేను గుమ్మంలో నిలబడ్డాను.

ఇప్పుడు తెడ్డు ఆయనది, తాడు నాది. నిన్న రాళ్ల పక్కన లంగరేసిన కాసేపటికి నా వేలికి ఏదో తగిలింది.

“ఏదో ఉంది బావా.”

ఆయన గబగబా దగ్గరికి జరిగాడు. “ఎలా ఉంది? గీరినట్టా, తడిమినట్టా?”

“తెలీట్లేదు.”

“తెలీకపోవడమేంట్రా, వేలు నీకుందిగా. గీరితే పీత, వదిలెయ్. తడిమితే పండుగప్ప, లాగు.”

గీరినట్టూ ఉంది, తడిమినట్టూ ఉంది. ఇరవై రెండేళ్లు పక్కనే కూర్చుని ఆ తేడా ఒక్కసారి కూడా అడగలేదు. ఆయన నా వేలి వైపే చూస్తున్నాడు. ఒడిలో ఆయన వేలు, మీద తాడు ఉన్నట్టే వంగి ఉంది.

“చెప్పరా,” అన్నాడు మెల్లగా.

నేను చెప్పేలోపు తాడు వదులైపోయింది.