బావ తెచ్చిన సిరా

మా బావ నాలుక మాట్లాడటానికే తప్ప రుచి చూడటానికి పనికిరాదని నాకు మొదటి నుంచీ తెలుసు. కంపెనీ పని మీద ఒక్కసారి ఫ్రాన్స్ వెళ్లొచ్చాడు. అప్పటి నుంచి జల్‌పల్లిలో కొత్తగా కట్టుకున్న ఆ రెండు గదుల ఇంట్లో వైన్ గురించి ఉపన్యాసాలే. గోంగూరలో ఉప్పు ఎక్కువైందో తక్కువైందో చెప్పలేని మనిషి.

ఆ ఆదివారం నేనూ అమ్మా పాతబస్తీలోని హుస్సేనీ ఆలం నుంచి అక్కను చూడటానికి వెళ్లాం. హాల్లో బావ ఆఫీసు స్నేహితులు ముగ్గురు కూర్చుని ఉన్నారు. ఆయన నల్లటి సీసా ఎత్తి పట్టుకుని, ఇది సిరా అని, ఆ ద్రాక్ష పేరే అదని చెప్తున్నాడు. వంటింట్లో ఉన్న అమ్మకు ఆ ఒక్క మాటే వినబడింది.

"అల్లుడు సిరా తాగుడేంది బిడ్డా?" అని అక్కను అడిగింది.

మన భాషలో సిరా అంటే పెన్నులో పోసేదే కదా, ఆవిడ తప్పేముంది? బావ విని పగలబడి నవ్వాడు. స్నేహితులకు చెప్పి నవ్వించాడు. మళ్లీ చెప్పాడు. పాతబస్తీ దాటి ఎరగని మనుషులన్నాడు. అమ్మ కొంగు సర్దుకుని గోడ వైపు తిరిగి నిలబడింది. నాకు ఒళ్లు మండిపోయింది.

తర్వాత నాకూ ఓ గ్లాసు పోశాడు. తాగాను. ఏం చెప్పను, అద్భుతంగా ఉంది. ముందు బాగా పండిన అల్లనేరేడు, వెనకే నిప్పుల మీద కాల్చిన వంకాయ పొగ వాసన, మింగాక గొంతులో నిదానంగా రాజుకునే మిరియాల ఘాటు. వగరు ఉంది గానీ నోరు పిడచగట్టేంత కాదు. ఇంత మంచి సరుకు ఇలాంటివాడి చేతిలో పడిందే అనుకున్నాను. గాడిదకేం తెలుసు గంధపు చెక్కల వాసన అని ఊరికే అన్నారా?

"చెప్పు బామ్మర్ది, ఎట్లున్నది?" అన్నాడు బావ, స్నేహితుల వైపు కన్నుగీటి.

"పులిసింది బావా. ఖరాబైన సీసా అంటగట్టిండ్రు నీకు," అన్నాను.

బావ గబగబా ఒక గుక్క తాగి, మొహం చిట్లించి, తనకూ ముందే అనుమానం వచ్చిందన్నాడు. స్నేహితులూ పులిసిందనే అన్నారు. ఒక్కడి నాలుకా పనిచేయదు. బావ సీసా తీసుకెళ్లి వంటింటి సింకులో గుమ్మరించాడు. అంత మంచి వైన్ తూములోకి పోతుంటే నేను గుమ్మంలో నిలబడి చూశాను. బావ మొహం మాడిపోయింది, హాల్లో ఒక్కడూ నవ్వలేదు. నాకు కావలసింది అదే.

బావ వెళ్లాక అమ్మ సింకు కడుగుతూ, "పాపం, మస్తు ముచ్చటపడి తెచ్చుకున్నడు బిడ్డా," అంది.

అమ్మ మీద అంత కోపం నాకెప్పుడూ రాలేదు.