వాల్‌నట్ పలక మీద నీళ్లు

కాలిఫోర్నియాలో వరుసగా రెండేళ్లు వానలు లేని కాలమది. తోటల మధ్య రోడ్డు మీద మా కారు వేడెక్కి ఆగిపోయింది. రేడియేటర్‌లోకి నీళ్లు అడుగుదామని, రంపం మోత వినిపిస్తున్న వైపు నేనూ మా ఆవిడా నడిచాం.

అక్కడంతా ఎండిపోయిన వాల్‌నట్ తోట. ముసలి రైతు ఒకాయన పక్కన నిలబడి ఉండగా, మొద్దులు కొనడానికి వచ్చిన మనిషి వేళ్లతో సహా పెకలించిన ఒక బుడిపెల మొద్దును పలకలుగా కోస్తున్నాడు. ఆ చెక్కలో మెలికలు తిరిగిన చారలుంటాయట. బల్లలు చేసేవాళ్లు వాటికోసమే ఎగబడతారట. చారలు పైకి కనిపించాలంటే పలకను తడపాలి. అతను నీళ్ల క్యాన్ అందుకున్నాడు.

"వద్దు," అన్నాడు రైతు. "వేసవంతా వీటికి ఒక్క తడి ఇవ్వలేకపోయాను. ఇప్పుడెందుకు?"

అమెరికాలో కూడా చెట్లు దాహంతో చస్తాయని నేనెన్నడూ అనుకోలేదు.

మా ఆవిడది అనంతపురం పక్క పల్లె, బత్తాయిని చీనీ అనే చోటు. "మా నాయన గూడా ఇంతే," అంది మెల్లగా. "బావి ఎండి చీనీ తోట పోతే, ఆ కట్టెలు పొయ్యిలో పెట్టనీలేదు."

రైతుకి ఆ మాటలు అర్థం కాలేదు. మేమెందుకొచ్చామో చెప్పాను. రైతు ఆ మొద్దులాయన దగ్గర్నుంచి క్యాన్ తీసుకుని నా చేతికిచ్చి, "కారులో పోసుకో. అదైనా కదులుతుంది," అంటూ మా వెంట వచ్చాడు.

పోస్తుంటే కొన్ని నీళ్లు నేలమీద ఒలికాయి. ఆ తడి ఇంకిపోయేదాకా ఆయన అక్కడే నిలబడి చూశాడు.