నల్లరాతిలో జర్మన్ ఉలి

నంద్యాల జిల్లా కేంద్రమైన మరుసటి ఏడాది వేసవిలో, అక్కడి గనుల కార్యాలయంలో అసిస్టెంట్ జియాలజిస్టుగా ఉన్న నన్ను ఆళ్లగడ్డ వెళ్లిరమ్మని పై అధికారి పురమాయించారు. జర్మనీ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ అక్కడ నల్లరాతి ఫలకం చెక్కించుకుని తీసుకెళతారట. దేశం దాటే రాయి కాబట్టి దాని జాతి, నాణ్యత చూసి నోటు రాయాలి. ఆ నోటు ఉంటేనే రవాణా పర్మిట్. ఇంగ్లీషు వచ్చినవాణ్ణని దుబాసీ పని కూడా నా నెత్తినే పడింది. విసుక్కుంటూనే బస్సెక్కాను.

ఆళ్లగడ్డ శిల్పుల వీధి ఎండకూ రాతిపొడికీ కలలో చూస్తున్నట్టు మసకగా ఉంది. సగం ముఖమే వచ్చిన దేవతలు, కాళ్లింకా రాని నందులు. అన్ని పందిళ్ల కిందా ఒకే ఉలి చప్పుడు. నడుస్తూ నడుస్తూ వచ్చిన పనే మరిచిపోయాను.

శిల్పి వీరాచారి పందిట్లో ఆ జర్మన్ ఆవిడ నా కోసం చూస్తున్నారు. పేరు హెల్గా, ఇంటిపేరు స్టైన్‌మెట్స్. రాళ్లు చెక్కేవాడని దాని అర్థం. ఆ ఇంటిపేరుతో వాళ్ల దేశంలో పేరుమోసిన ఇంజనీర్లున్నారు, చిత్రకారులున్నారు, ఆటగాళ్లున్నారు, పలుకుబడి గల కుటుంబాలున్నాయి. చాలామందికి ఒకరితో ఒకరికి చుట్టరికం లేదు. ఏనాడో ఎవరి ఊళ్లో వాళ్ల తాతలు రాళ్లు కొట్టారు, అంతే. తనకు తెలిసి ఇప్పుడు ఉలి పట్టేవాడు ఒక్కడూ లేడన్నారావిడ. ఆమె భర్త వయసులో ఉండగా ఈ ఊరు చూసి, మా పేరు ఇక్కడ బతికే ఉందని జీవితమంతా చెప్పుకున్నారట. ఇప్పుడాయన లేరు. సమాధి మీద ఆయన పేరు ఈ ఊరి చేతులే చెక్కాలని, డాక్టర్లు వద్దన్నా ఇంత దూరం వచ్చారు.

ఇదంతా నేను తెలుగులో చెప్పగా విని వీరాచారి సుత్తి కింద పెట్టేశాడు.

"సమాధి రాయా? మాతో కాదు సార్. దేవుణ్ణి చెక్కే ఉలితో సమాధి రాయి ముట్టము. మా నాయన ముట్టలా, నేనూ ముట్టను."

ఆఫీసరు గొంతు పెట్టి చూశాను. "మీరెంత చెప్పినా అంతే సార్. ఆయమ్మకు వేరే యాడన్నా చూపియ్యండి" అన్నాడు. ఆ మాట ఇంగ్లీషులో చెప్పేసరికి ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. అయ్యో, ఈ పాడు మాట నా నోటితోనే చెప్పాల్సి వచ్చిందే అని నా ప్రాణం ఉసూరుమంది.

కాసేపటికి ఆవిడ సంచిలోంచి గుడ్డ చుట్టిన ఉలి ఒకటి తీశారు. భర్త తాతగారిదట. ఆ ఇంట్లో మిగిలిన ఒకే ఒక్క పనిముట్టు. శిల్పులకు చూపిద్దామని తెచ్చారు. వీరాచారి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"వాళ్లింటి ఉలితో వాళ్లింటి పేరు కొడ్తా సార్. దాంట్లో తప్పేముండాది?"

నేను అడ్డుపడ్డాను. అది మెత్తటి ఇసుకరాయికి చేసిన ఉలి, మన నల్లరాయి ముందు నిలవదు, మొన విరిగితే ఉన్న ఒక్క గుర్తూ పోతుంది అని ఆవిడకు నచ్చజెప్పబోయాను. కానివ్వండి అన్నారావిడ.

వీరాచారి మొనను కొలిమిలో కాచి, రంగు చూసి నీళ్లలో ముంచాడు. తెలియని అక్షరాలను సుద్దతో ముగ్గులాగా గీసుకుని మొదలుపెట్టాడు. మధ్యాహ్నమంతా ఆవిడ గోడకానుకుని కళ్లు మూసుకుని ఆ చప్పుడే విన్నారు. నాకూ కునుకు పట్టింది. చివరి అక్షరం మూలలో టప్పుమంది. మొన విరిగి రాతిలోనే ఇరుక్కుపోయింది.

"ఎంత పనైపాయె తల్లీ!" వీరాచారి నెత్తి పట్టుకున్నాడు. "ఉండమ్మా, పెరికేసి నున్నగా చేస్తా."

ఆవిడ వేలితో ఆ ఇనుప ముక్కను తడిమి, తీయవద్దన్నారు. అది ఉంటే తుప్పు పట్టి చుట్టూ ఎర్రబారుతుందని, పోనుపోను రాయి చిట్లవచ్చని హెచ్చరించాను. పట్టనివ్వండి, మా ఆయన పక్కన వాళ్ల తాత ఉన్నట్టుంటుంది అన్నారు. ఆ మాట నేను తెలుగులో చెప్పగానే వీరాచారి ఆమెకు చేతులు జోడించాడు.

ఇనుప ముక్క సంగతి కూడా చేర్చి నోటు రాశాను. పర్మిట్ వచ్చింది. ఆ రోజు నేనిచ్చిన సలహాలు రెండూ సాంకేతికంగా సరైనవే. ఆవిడ రెండూ వినకపోవడమూ సరైనదే. రాయి గురించి తెలిసినంత మాత్రాన, అది ఎలా ఉండాలో చెప్పే హక్కు నాకు లేదని అప్పుడు తెలిసింది.