సమ్మయ్య మామ, మా చిన్నోడి పాటీ చైర్

నిన్న పొద్దున మడికొండలో, ఆఫీసు మీటింగ్‌లో ఉన్నాను. ఫోన్ సైలెంట్‌లో ఉంది. బయటికొచ్చి చూస్తే అమ్మవి వరసగా మిస్డ్ కాల్స్.

చిన్నోడికి ఏదో అయిందనుకున్నాను. ఈమధ్య ఇంటి నుంచి ఏ కాల్ వచ్చినా ముందు వాడే గుర్తొస్తున్నాడు.

తిరిగి ఫోన్ చేస్తే అమ్మ ఒక్కటే మాట అంది. "మామ లేడు బిడ్డ."

అర్థమైంది. నమ్మడానికే టైమ్ పట్టింది. పొద్దున గేటు దాకా వచ్చి నన్ను సాగనంపిన మనిషి.

సమ్మయ్య మామ మా అమ్మకు తమ్ముడు. బస్ కండక్టర్‌గా రిటైరయ్యాడు. పిల్లల్లేరు. అత్తమ్మ పోయాక హసన్‌పర్తిలో మా ఇంట్లోనే ఉంటున్నాడు. నేనూ మా ఆయనా డ్యూటీకి పోతే, ఇంకా మూడేళ్లు నిండని మా చిన్నోడిని చూసుకునేది అమ్మ, మామ. అమ్మకు మోకాళ్ల నొప్పులు కాబట్టి వాడి వెనక పరిగెత్తేది మామే.

చాలామందికి చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను. చిన్నోడికి పాటీ ట్రైనింగ్, అంటే దొడ్డికి వస్తే చెప్పి కుర్చీ మీద కూర్చోవడం, నెలల తరబడి కుదరలేదు. కొన్నాళ్లు బాగానే కూర్చునేవాడు. మళ్లీ లూజ్ మోషన్స్, మళ్లీ ప్యాంట్‌లోనే. పొట్ట ఉబ్బి ఉండేది, బరువు మాత్రం పెరిగేది కాదు. పాటీ చైర్ చూస్తేనే ఏడుపు. కూర్చున్నప్పుడల్లా నొప్పే కదా మరి.

చుట్టాలు తలా ఒక మాట. డైపర్లు అలవాటు చేసిన తల్లిదే తప్పన్నారు. జాబ్ చేసే తల్లుల పిల్లలు ఇంతే అన్నారు. ఆ మాటన్న వాళ్లు కూడా ఇది చదువుతున్నారు. చదవండి.

మామ మాత్రం ఎవరికీ ఎదురు చెప్పలేదు. పాటీ చైర్‌ని బాత్‌రూమ్ నుంచి తెచ్చి వరండాలో, రోడ్డు కనిపించే చోట పెట్టాడు. పక్కన పీట వేసుకుని తను కూర్చున్నాడు. నోటితోనే విజిల్ వేసి, "హన్మకొండ, పరకాల, హన్మకొండ, పరకాల" అని పాత డ్యూటీ ఎక్కాడు.

"ములుగు రోడ్ వచ్చింది... ఆరెపల్లి... గూడెప్పాడ్ దిగేటోళ్లు ముందుకు రాండ్రి..."

పరకాల వచ్చేలోపు పని కావాలి. అదీ రూల్.

కాకపోతే మామకు తొందరేం లేదు. "జర ట్రాఫిక్ ఉన్నది, ఫికర్ జెయ్యకు" అని బస్సును గూడెప్పాడ్‌లోనే ఆపేసేవాడు. ఎంతసేపైనా సరే. వాడు ఏడుపు మరిచిపోయి నవ్వేవాడు. ఆ వరండా ముందు నుంచి పోయేవాళ్లు కూడా నవ్వుకుంటూ పోయేవాళ్లు.

అప్పుడే డాక్టర్ సీలియాక్ కావచ్చన్నారు. అంటే గోధుమ పడకపోవడం. మామ అస్సలు నమ్మలేదు.

"గోధుమలు పడకపోవుడేంది బిడ్డ? దునియంత తింటలేదా?"

అసలు కష్టం అది కాదు. కన్ఫర్మ్ చేసే టెస్టులు అయ్యేదాకా గోధుమ మానిపించొద్దన్నారు. మానిపిస్తే రిజల్ట్ తేడా రావచ్చట. అంటే, దేనివల్ల వాడికి నొప్పి వస్తోందని అనుమానమో, దాన్నే రోజూ వాడికి తినిపించాలి.

గోరుచుట్టు మీద రోకలిపోటు అంటారు కదా. అదే.

మొదటిరోజు చపాతీ ముక్క పట్టుకుని వాడి ముందు కూర్చున్నాను. నోట్లో పెట్టలేకపోయాను. మామ చూశాడు. వచ్చి నా చేతిలోంచి గిన్నె తీసుకున్నాడు.

"ఇటియ్యి. నేనే పెడుత, నేనే కడుగుత. వానికి కోపమొస్తే నా మీదనే రానియ్యి. తల్లి మీద రావద్దు."

అప్పటినుంచి నేను పెట్టలేదు. రోజూ మామే పెట్టాడు. వాడు పొట్ట పట్టుకుని ఏడిస్తే మామే ఎత్తుకుని తిరిగాడు. కడిగింది కూడా మామే. వాడు ఒకసారి "తాత మంచోడు కాదు" అని చెంప మీద కొట్టాడు. కొట్టించుకుని, వంటింట్లోకి పోయి కళ్లు తుడుచుకున్నాడు. నేను చూడలేదనుకున్నాడు.

నిన్నటి సంగతి అమ్మ రాత్రి చెప్పింది.

చిన్నోడు పాటీ చైర్ మీద కూర్చుని ఉన్నాడు. మామకు ఒళ్లంతా చెమటలు. అమ్మ భయపడి, పక్కింటోళ్లను పిలుస్తా, దవాఖానకు పోదాం అంది.

"వాడు లేసేదాక ఆగక్క. మధ్యల లేపితే మల్ల కూసోడు" అన్నాడట.

వాడు లేచేదాకా ఆగాడు. కడిగాడు. నిక్కర్ తొడిగాడు. ఆ తర్వాతే ఛాతీ పట్టుకుని గోడకు ఆనుకుని కూలబడ్డాడు. దవాఖాన చేరేలోపే అయిపోయింది.

నాకు కోపంగా ఉంది మామా. ఏం అనుకున్నా సరే. ఒక ప్యాంట్ పాడైతే ఏమయ్యేది?

నిన్న సాయంత్రమే దహనం అయిపోయింది.

ఈరోజు మధ్యాహ్నం గుర్తొచ్చింది, నిన్నటి నుంచి చిన్నోడికి ఎవరూ గోధుమ పెట్టలేదని. టెస్టు ఈ వారమే. పక్కింటోళ్లు తెచ్చిన క్యారేజీలో చపాతీలున్నాయి. ఒకటి తీసి పాలల్లో నానబెట్టి నేనే కూర్చున్నాను. ఈసారి పెట్టాను. వాడు నా ముఖం చూస్తూ, మారాం చేయకుండా మొత్తం తిన్నాడు.

ఇంటినిండా చుట్టాలు. కాసేపటికి వాడు అందరి మధ్య నుంచి నడుచుకుంటూ వచ్చి నా కొంగు పట్టుకుని లాగాడు.

"అమ్మా, కక్క వస్తాంది."

ఎవరూ అడగకుండా, తనంతట తను. ఇన్ని నెలల్లో మొదటిసారి.

మనం ఎదురుచూసింది ఈ ఒక్క మాట కోసమే కదా మామా. ఒక్కరోజు ఆగితే విని పోయేవాడివి.

వాడిని నేను చూసుకుంటాను. నువ్విక ఎవరి కోసమూ ఆగకుండా, నిమ్మళంగా పడుకో మామా.