ట్యాంకులో కట్టిన ముడుపు

కరోనా భయం కాస్త తగ్గి, షిప్‌యార్డులో పనులు మళ్లీ పుంజుకున్న ఏడాది అది. విశాఖ తీరంలో ఒక యార్డులో నేను ట్యాంకుల ఇన్‌స్పెక్టర్‌ని. రోజూ పొద్దున్నే చీపురుపల్లిలో రైలెక్కి, సాయంత్రం మొహం వేలాడేసుకుని దిగేవాణ్ణి. అప్పటికే మోకాళ్లు అరిగిపోయాయి. ఓడలు కడతానని మా వీధిలో నాకు మహా మర్యాద. తీరా నేను చూసేవి ఇనుప గదులు, వాటి మూలలు, ఆ మూలల్లో తుప్పు.

అప్పుడు మా చేతిలో ఉన్నది నావికాదళానికి కడుతున్న ట్యాంకరు. యుద్ధనౌకలు మాటిమాటికీ ఒడ్డుకు రానక్కర్లేకుండా, నడిసముద్రంలోనే వాటికి ఆయిలు, మంచినీళ్లు, సరుకులు అందించే ఓడ. రెండు ఓడలూ ఆగకుండా పక్కపక్కన నడుస్తుంటే, మధ్యలో ఇనుప తాడుకు వేలాడే గొట్టం గుండా ఆయిలు పోతుంది. ఆ సమయంలో ట్యాంకులోని గుడ్డపీలిక ఏదైనా కొట్టుకొచ్చి పంపు నోటికి అడ్డం పడిందంటే అవతలి ఓడ ఖాళీ గొట్టం పట్టుకుని కూర్చోవాలి. అందుకే ట్యాంకు మూసేటప్పటికి లోపల ఏమీ మిగలకూడదు. అది చూడటమే నా ఉద్యోగం.

ఇసుకలాంటి రజనును గాలితో కొట్టి లోపలి తుప్పు రాల్చడాన్ని బ్లాస్టింగ్ అంటారు. ఆ తర్వాత రంగు వేస్తారు. రంగు పడ్డాక లోపల నిప్పు పని కుదరదు, రంగంతా మాడిపోతుంది. కాబట్టి కోతలూ అతుకులూ అన్నీ బ్లాస్టింగుకు ముందే తేల్చుకోవాలి. ఆ తనిఖీకే ఆ రోజు మ్యాన్‌హోల్లోంచి దిగాను. టార్చి వేసుకుంటూ పోతుంటే పక్క గోడమీద ఒక లగ్గుకు పసుపు గుడ్డ కట్టి ఉంది. లగ్గంటే పరంజి నిలబెట్టడానికి గోడకు అతికించే ఇనుప చెవి. పని అయిపోగానే కోసేస్తారు. మిగతావన్నీ కోసేసి ఆ ఒక్కదాన్నీ వదిలేశారు. గుడ్డ తడిమితే ముడిలో రూపాయి బిళ్ల తగిలింది. ముడుపు!

నాకు ఒళ్లు మండింది. కోత పని చేసిన పైడిరాజును కిందికి పిలిపించాను. నౌపడ అవతలి పల్లెవాడు, నెమ్మదస్తుడు.

"ఎవడు కట్టాడిది?"

"నానే బాబూ."

"ఇప్పేయి."

"ఇప్పకూడదు బాబూ. గౌరీసే ఇప్పాల."

గౌరీశు అతని చెల్లెలి మొగుడు. మా దగ్గరే పరంజి కట్టేవాడు. కొన్ని వారాల కిందట సరిగ్గా ఆ చోటే, చెమ్మ పట్టిన పలకమీద కాలు జారి కిందపడ్డాడు. నడుము దెబ్బతిని ఇంకా మంచం దిగలేదు. పడిన చోటికే నడిచొచ్చి, తన చేతులతో ముడి విప్పి, అమ్మవారికి చెల్లిస్తాడని భార్య మొక్కుకుని ఆ గుడ్డను అన్న చేతికిచ్చి పంపింది.

"ఓడ ఎల్లిపోతాది గదరా. ఇప్పడానికి ఆడు సముద్రంలోకి నడిసొస్తాడేటి?"

పైడిరాజు తల దించుకున్నాడు. "అదే తెలీక సస్తన్నాం బాబూ. కట్టినప్పుడు ఇది కదుల్తాదని గేపకం రానేదు."

నవ్వొచ్చింది. నవ్వినందుకు వెంటనే బాధేసింది. ఏళ్ల తరబడి అదే ఇనుములో పాకే మాకు అది గోడలున్న ఇల్లే. కదులుతుందన్న ధ్యాస నాకు మాత్రం ఎప్పుడుంది?

బ్లాస్టింగు వాళ్లు పైన కాచుకుని ఉన్నారు. విప్పించి పారేస్తే నాకు ఏ గొడవా లేదు. కానీ అక్కడ మంచంమీద ఒక మనిషి ఈ ముడి విప్పాలనే ఆశతో ఉన్నాడు. పైకెక్కి మేనేజరుకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. "సాయంత్రానికి ట్యాంకు శుభ్రంగా ఉండాలి. ఎలా చేస్తావో నీ ఇష్టం," అని పెట్టేశాడు.

మళ్లీ దిగాను, మోకాళ్లను తిట్టుకుంటూ.

"ఒరే, లగ్గు ఎలాగూ కొయ్యాల్సిందే గదా. ముడి జోలికెళ్లకుండా లగ్గుతోపాటే కోసెయ్యి."

"గుడ్డ కాలిపోతాది బాబూ."

"తడి గోనె సుట్టు. నాను ఒట్టుకుంటాను."

లోపలి గాలి పరీక్ష చేయించి, నిప్పు పనికి అనుమతి తెప్పించాను. పటకారుతో లగ్గు పట్టుకుని నిలబడ్డాను. పైడిరాజు గ్యాసు మంట వెలిగించి కోత మొదలెట్టాడు. గోనెలోంచి ఆవిరి బుసబుసా వచ్చింది. లగ్గు ఊడి పటకారులోకి వచ్చాక గోనె విప్పి చూశాం. గుడ్డ అంచు కాస్త మాడింది, ముడి చెదరలేదు. అతను దాన్ని రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకున్నాడు. గోడమీద మిగిలిన మొదలును సానబట్టి చదును చేశాం. ఇనుప ముక్క బయటికి పోవాలంటే గేటు పాసు కావాలి, అదీ ఇప్పించాను. ఇంటికి చేరేసరికి అన్నం తినే ఓపిక కూడా లేదు.

తర్వాత ఓడ సముద్రానికి పోయింది. ఇప్పుడు ఏ నౌకకు ఆయిలు పోస్తోందో మాలాంటి వాళ్లకు ఎవరూ చెప్పరు. శుభ్రం చేయడమంటే మనిషి ఆనవాలు లేకుండా తుడిచేయడమేనని అంతకుముందు నా లెక్క. ఇప్పుడు మాత్రం ఏ ట్యాంకు మూయాల్సి వచ్చినా మ్యాన్‌హోల్ దగ్గర నిలబడి, "లోపల మీదేటైనా ఉండిపోనాదేట్రా?" అని ముందు అడుగుతాను. ఆ ముడుపు నాకు నేర్పింది ఇదే.

మొన్నీమధ్య రైల్లో పైడిరాజు కనిపించి జరిగి చోటిచ్చాడు. గౌరీశు ఎలా ఉన్నాడని అడిగాను.

"మా సెల్లి ఆ లగ్గుని గుమ్మం మీద మేక్కి ఏలాడగట్టింది బాబూ. మంచంమీంచి అందదు. దానికోసరమని రోజూ కర్రొట్టుకుని లెగుస్తన్నాడు. ఇప్పుడు సేతేళ్లు ముడికి తగుల్తన్నాయి."

"మరింకా ఇప్పనేదేటి?"

"ముడి ఇప్పాలంటే రెండు సేతులూ కావాల గదా బాబూ," అన్నాడు పైడిరాజు. "కర్ర ఒదల్డానికి బయపడతన్నాడు."