అత్త బావికి ఆనుకొని రంగుల కాగు

మొన్న మా కోడలు బీరువా సర్దుతూ చీరలన్నీ మంచం మీద కుప్ప పోసింది. కొన్నింటికి మడత కూడా విప్పలేదు. రంగు పాతబడిందని ఎవరికైనా ఇచ్చేయాలట. పాతబడటమంటే వెలిసిపోవడం కాదు, మోజు తీరిపోవడమని నాకు కాసేపటికి గాని తట్టలేదు. నిజానికి ఆ మోజును మా ధర్మవరం వీధిలోకి తెచ్చినవాళ్లలో నేనూ ఒకణ్ణి.

పంతొమ్మిది వందల యాభైలలో మా నాయన పట్టునూలుకు రంగు వేసేవాడు. ఆయన కాగులో లక్క ఎరుపు, పసుపు, దానిమ్మ తొక్కతో తీసిన గోధుమ వన్నె తప్ప మరొకటి ఉడికేది కాదు. ఆడవాళ్లు పెళ్లిచీరను ముసలితనం దాకా దాచుకొని కట్టి, చిరిగాక ఉయ్యాలకు వేసేవారు. రంగు వేయగా మిగిలిన నీళ్లను పెరట్లో నిమ్మచెట్టు పాదులో పోయడం మా ఇంటి ఆనవాయితీ. ఆ చెట్టుకు అవతలే మేనత్త బావి. భర్త పోయాక ఆమె ఆ బావి నీళ్లతోనే ఆకుకూరలు పండించి, గంపనెత్తుకొని అమ్ముకొని బతికేది. వీధంతా తాగేదీ ఆ తియ్యటి నీళ్లే.

నాయనకు చూపు తగ్గాక కాగు నా చేతికొచ్చింది. నూలు తీసుకొని హిందూపురం పోతే, చీరల షావుకారు దాన్ని చూసి నవ్వాడు.

"ఏమబ్బా, ఎన్నేండ్లు తెస్తావు ఈ ఎరుపు? జనం దుడ్లు పట్టుకోనొచ్చి కొత్త రంగులు అడుగుతాండారు!"

ఆ సాయంత్రమే పొడి రంగుల డబ్బాలు, వాటిలో కలిపే ఆసిడ్ సీసా కొనుక్కొని రైలెక్కాను. చిలకపచ్చ, ఊదా, ఉల్లిపొర రంగు. ఏడాది తిరక్కుండానే నిరుటి చీర కట్టిన ఆడమనిషిని పెళ్లిళ్లలో చూసి నవ్వుకునే రోజులొచ్చాయి. నాకు తీరిక లేదు. నీళ్లు మాత్రం అలవాటు కొద్దీ నిమ్మచెట్టు పాదులోనే పోశాను. నాయన పోసిన నీళ్లూ నేను పోసే నీళ్లూ ఒకటి కావన్న ఆలోచనే రాలేదు.

మొదట చెట్టు ఎండింది. తర్వాత అత్త మడులు మాడాయి. ఒకరోజు ఆమె చెంబుతో నీళ్లు తెచ్చి నా ముందు పెట్టింది.

"తాగి చూడప్పా, నువ్వు కలిపిన సరుకే గదా."

"వానలొస్తే తేరుకుంటుందిలే అత్తా," అన్నాను.

"వానొచ్చేదాకా నేనేం తినల్ల?"

చేతిలో పెళ్లిళ్ల గిరాకీ ఉంది. నెల రోజులు కాగు ఆపితే ఆ పని ఇంకొకరికి పోతుంది. చెంబు ముట్టుకోలేదు, కాగూ ఆపలేదు. వానలు వచ్చాయి, బావి నిండింది, చేదు మాత్రం పోలేదు. అత్త ఇంటికి తాళం వేసి పెనుకొండలో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది.

కొన్నేళ్లకు, అప్పటికి అరవైలు సగం దాటాయి, క్షమించమని అడగడానికి పెనుకొండ పోయాను. ఆ మాట నోట్లోనే ఉండగా అత్త తన కూతురి కొంగు పట్టుకొని వెలుతురుకు చూపించింది.

"ఇది నీ రంగేనంట గదరా అబ్బీ. శానా బాగుండాది."

ఎత్తిపొడుపు కాదది, నిజంగానే మెచ్చుకుంది. తిట్టి ఉంటే ఏడ్చి తేలికపడేవాణ్ణి. చెప్పదలచింది చెప్పకుండానే తిరిగొచ్చాను.

ఆ బావిని పూడ్చి ఎవరో మేడ కట్టుకున్నారు. ఆ వీధి పిల్లలు ఇప్పుడు నీళ్లు కొనుక్కొని తాగుతున్నారు. కాళ్ల కిందే ఒకప్పుడు తియ్యటి ఊట ఉండేదని వాళ్లకు చెప్పగలిగినవాళ్లలో మిగిలింది బహుశా నేనొక్కణ్ణే. చెబితే, అదేమైందని అడుగుతారు.